దూడకెవరు చెప్పారు?

మా అమ్మాయి వేసవి సెలవలకి వస్తూ వస్తూ ఒక జాబితా పట్టుకొచ్చింది. పచారీ సామాన్లది కాదు, మందులదీ కాదు. మా మనవరాలికి ఏ వయసులో ఏ పుస్తకం చదివి వినిపించాలో, ఏ సినిమా చూపించాలో, ఏది చూపించకూడదో రాసిన జాబితా. పిల్లకి అయిదేళ్లు నిండి రెండు నెలలయింది. అంచేత "నాలుగు నుంచి ఆరు" అన్న గడిలో ఉన్నవే చూపించాలిట. కళ్లజోడు పెట్టుకుని ఆసాంతం చదివాను. అందులో పులి లేదు, రాక్షసుడు లేడు, సవతితల్లి లేదు. ఏడుపన్నది అసలే లేదు.

"ఇవన్నీ తీసేస్తే ఇంకేం మిగిలిందే?" అన్నాను.

"ఎందుకు మిగల్లేదు? స్నేహం ఉంది, పంచుకోవడం ఉంది, పళ్లు తోముకోవడం ఉంది" అంది.

నవ్వొచ్చింది గాని నవ్వలేదు. నవ్వే హక్కు నాకు లేదు. ఎందుకో తరవాత చెబుతాను.

ముందు ఆవు-పులి కథ సంగతి చెప్పాలి. మనందరికీ తెలిసిన కథే. పదిహేనో శతాబ్దంలో అనంతామాత్యుడు భోజరాజీయంలో చెప్పాడు. ఆ తరవాత ఎన్ని లక్షల మంది అమ్మమ్మలు చెప్పారో లెక్కలేదు. అడవిలో ఆవుని పులి పట్టుకుంటుంది. ఇంటి దగ్గర పాలు తాగే దూడ ఉంది, ఒక్కసారి కడుపు నింపి వస్తానంటుంది ఆవు. మాట ఇచ్చి ఇంటికెళ్లి, పాలిచ్చి, బిడ్డకి బుద్ధులు చెప్పి, తిరిగి పులి ముందు నిలబడుతుంది. పులి మనసు కరిగి వదిలేస్తుంది.

జాబితాలో లేకపోయినా మా అమ్మాయి పోనీలెమ్మని ఒప్పుకుంది, ఒక్క షరతు మీద. దూడ దగ్గర సెలవు తీసుకునే ఘట్టం చెప్పకూడదు. చెబితే పిల్ల ఏడుస్తుంది, రాత్రి నిద్రపోదు. సరేనన్నాను. ఆవు ఇంటికొచ్చింది, పాలిచ్చింది, వెళ్లిపోయింది, పులి వదిలేసింది, కథ కంచికి. రెండు నిమిషాల్లో అయిపోయింది.

బుజ్జిది కాసేపు నా మొహంలోకి చూసి, "దూడకెవరు చెప్పారు?" అంది.

"ఏమని?"

"అమ్మ వెళ్లిపోతోందని."

"మళ్లీ వచ్చేసిందిగా తల్లీ" అన్నాను, కంగారుగా.

"వస్తానని ఆవుకి తెలీదుగా. చెప్పకుండా వెళ్లిపోయిందా?"

చూశారా! ఏడుపు దాస్తున్నామనుకుంటూ, బిడ్డకి చెప్పకుండా వెళ్లిపోయిన తల్లిని చేశాం ఆ ఆవుని. పులి కంటే పెద్ద భయం మేమే తెచ్చిపెట్టాం. ఆ కథకి ప్రాణం పులి దగ్గర లేదు, పశువులకొట్టంలో ఉంది. అది తీసేశాక మిగిలేది మాట తప్పకూడదనే పాఠం ఒకటి.

అలాగని పిల్లలకి ఏదైనా చూపించెయ్యవచ్చని నేననడం లేదు సుమండీ. ఆ తప్పూ చేశాను. "దేవుడి సినిమాయేగా, ఏ గడిలోనైనా పడుతుంది" అనుకుని ఒక మధ్యాహ్నం భక్త ప్రహ్లాద పెట్టాను. 1967లో ఏవీయం వారు తీసింది. చిన్నారి రోజారమణి ప్రహ్లాదుడు, ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుడు. పాములకి జడుసుకుంటుందేమో, స్తంభం పగిలినప్పుడు కళ్లు మూద్దాం అని చెయ్యి సిద్ధంగా పెట్టుకు కూర్చున్నాను. స్తంభం దాకా వెళ్లనేలేదు. కొడుకుని ముద్దుచేసే ఆ తండ్రి గొంతు మారిన చోటే బుజ్జిది నా వీపు వెనక్కి చేరింది. "వాళ్ల నాన్నకి ఎందుకంత కోపం?" అని ఒకటే ప్రశ్న. ఆపేశాను.

అది సినిమా లోపం కాదు. రంగారావు ఆ పాత్రలో ప్రేమ కూడా చూపించాడు కాబట్టే ఆ కోపం అంత భయం పుట్టిస్తుంది. ఉత్త రాక్షసుడైతే పిల్ల నవ్వి ఊరుకునేది. కాని అయిదేళ్లదానికి సింహం ఎక్కడో అడవిలో ఉంటుంది, నాన్న ఇంట్లో ఉంటాడు. ఏది భయపెడుతుందో మనం పైనుంచి చూసి చెప్పలేం. ఎనిమిదో ఏట మళ్లీ చూపిస్తాను. అప్పటికి రంగారావు గొప్పతనం కొంతైనా తెలుస్తుంది.

పుస్తకానికి ఈ చిక్కు తక్కువ. మావారు బైండు చేయించి దాచిన పాత చందమామలున్నాయి మా ఇంట్లో. నాగిరెడ్డి, చక్రపాణిగార్లు 1947లో మొదలుపెట్టిన పత్రిక. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 నుంచి 1980లో పోయేవరకూ దాన్ని నడిపించారు. ఇప్పుడు రావడం లేదు. బేతాళ కథకి శంకర్ వేసిన బొమ్మ ఉంది చూడండి, కత్తి పట్టుకుని శవాన్ని భుజాన వేసుకుని శ్మశానంలో నడిచే రాజు! ఏ జాబితావాళ్లయినా చూస్తే మూర్ఛపోతారు. బుజ్జిది దాన్ని ఒక కంటితో చూసింది, పేజీ మూసేసింది, మళ్లీ తెరిచింది. పావుగంట ఆ ఆట ఆడుకుని చివరికి అడిగింది, "బరువుండదూ?" అని. బొమ్మ కదలదు. ఎంతసేపు చూడాలో, ఎప్పుడు మూసెయ్యాలో దాని చేతిలో ఉంది. సినిమా మాత్రం ఎవరి కోసమూ ఆగదు. ఇప్పుడు ఇంట్లో చూస్తున్నాం కనక మనం ఆపవచ్చు, కాని ఆపుతున్నామా? పిల్లని తెర ముందు కూర్చోబెట్టి పోపు పెట్టుకోవడానికి వెళుతున్నాం. నేనూ వెళ్లినదాన్నే.

బేతాళుడి ధర్మసందేహాలు ఆ వయసుకి ఒక్కటీ ఎక్కవనుకోండి. రాజు మళ్లీ చెట్టు దగ్గరికి వెళ్లడమే దానికి కావాలి. ఏడు చేపల కథా అంతే. చేపనీ, గడ్డిమోపునీ, ఆవునీ వరసగా అడుగుతూ చీమ దాకా పోవాలి. ఒక రాత్రి నిద్రమత్తులో ఆవుని వదిలేశాను. మొదటినుంచీ చెప్పించింది. ఆ కథలో నీతి ఏమిటో ఇన్నేళ్లలో ఒక్క పిల్లా అడగలేదు.

ఇక బుడుగు. ముళ్లపూడి వారి బుడుగంటే నాకు ప్రాణం. బాపు బొమ్మలు సరేసరి. పిల్లలకి ఇంతకంటే ఏం కావాలని ఎంతో ఆశగా మొదలుపెట్టాను. నేను కళ్ల నీళ్లొచ్చేలా నవ్వుతున్నాను, పిల్ల ఒక్కసారీ నవ్వదు. బుర్ర ఊపుతూ, ఎంతో సీరియస్‌గా వింటోంది. ప్రైవేటు మేష్టారి గురించి బుడుగు చెప్పే మాటలకి, "అవును, నిజమే" అంటోంది! అప్పుడు వెలిగింది నాకు. బుడుగు కంటే మనకి నాలుగు సంగతులు ఎక్కువ తెలుసు కనక మనకి నవ్వొస్తుంది. బుజ్జిదానికీ బుడుగుకి తెలిసినంతే తెలుసు. దానికది హాస్యం కాదు, తన పక్షాన వకీలు పుచ్చుకున్న వకాల్తా. "జాటర్ ఢమాల్" అన్న ఒక్క మాట మాత్రం పట్టుకుని వారం రోజులు మావార్ని వేపుకు తింది. బుడుగు పిల్లవాడి గురించి పెద్దవాళ్లకి రాసిన పుస్తకం. పన్నెండేళ్లు రానిచ్చి ఇవ్వండి, పడి పడి నవ్వుతారు.

ఈ పొరపాటు సినిమాల్లో మరీ ఎక్కువ. తెర మీద పిల్లవాడు కనిపిస్తే చాలు, పిల్లల సినిమా అనేసుకుంటాం. 1972లో పాపం పసివాడు అని వచ్చింది, ఎడారిలో ఒంటరిగా చిక్కుకుపోయిన పిల్లాడి కథ. దక్షిణాఫ్రికా సినిమా ఒకదాన్ని చూసి తీశారు. పేరులోనే ఉంది, ఆ "పాపం" అనుకోవలసింది తల్లులు. పసివాడి వయసున్న వాళ్లకి అది జాలికథ కాదు, రేపు మనకీ జరగవచ్చుననే కబురు.

మరి ఇద్దరూ కలిసి చూసేదేదైనా ఉందా అంటే, నా మటుకు నాకు మాయాబజారే. 1957లో వచ్చింది, కె.వి. రెడ్డిగారి దర్శకత్వం. దాదాపు మూడు గంటలు కదా, అయిదేళ్లది కూర్చుంటుందా అని మా అమ్మాయి సందేహం. కూర్చోదు. మేం నాలుగు రోజులు చూశాం, చదువుకునే పుస్తకంలా. అసలు ఆ కథకి మూలం ఆస్తులు పోయిన వాళ్లకి పిల్లనివ్వమనడం. పెద్దవాళ్ల కథ! పాండవులు సినిమా మొత్తంలో ఒక్కసారీ కనిపించరన్న సంగతి మీరూ నేనూ చెప్పుకుని మురిసిపోవచ్చు. అవేవీ బుజ్జిదానికి అక్కర్లేదు. లడ్డూలు వాటంతటవే ఘటోత్కచుడి నోట్లోకి పోతున్నాయి, అది చాలు. గింబళి, గిల్పం అని చిన్నమయ శిష్యులు మాటలు పుట్టిస్తుంటే, అది కూడా మంచాన్ని గించం అనడం మొదలెట్టింది.

మాయా శశిరేఖ పెళ్లిపీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కే చోటు చూడండి. పిల్ల నవ్వింది, రేలంగి కాలు నలిగినందుకు. నేను నవ్వాను, సావిత్రి ఒంట్లోంచి రంగారావు తొంగిచూస్తున్నందుకు. కారణాలు వేరు, నవ్వింది ఒక్క క్షణంలో. బుడుగు దగ్గర నేనొక్కదాన్నే నవ్వాను. పళ్లు తోముకునే కథ దగ్గర ఇద్దరికీ నవ్వు రాలేదు. చదివి వినిపించే మనకి విసుగొస్తే మన గొంతులోనే తెలిసిపోతుందండీ, పిల్లలు అది చటుక్కున పట్టేస్తారు. పిల్లకి నచ్చుతుందా అన్న ప్రశ్నతో పాటు, నాకు నచ్చుతోందా అని కూడా ఇప్పుడు అడుగుతున్నాను. స్వార్థమంటారేమో! అననివ్వండి.

జాబితాని మరీ ఆడిపోసుకోకూడదు. అందులోంచి మా అమ్మాయి ఒక జపాను బొమ్మల సినిమా పెట్టింది, మై నైబర్ టొటోరో అని. 1988లో మియజాకి అనే ఆయన తీసింది. బొమ్మల సినిమా నాకెందుకని చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చున్నాను. కాయలు అలాగే ఉండిపోయాయి. ఇద్దరు అక్కచెల్లెళ్లు తండ్రితో పల్లెటూరి ఇంటికి వస్తారు. దుర్మార్గుడెవరూ లేడు. చాలాసేపు ఏమీ జరగదు కూడాను. ఇల్లు కడుక్కుంటారు, వానలో బస్సు కోసం నిలబడతారు, పక్కన అంత పెద్ద జంతువొకటి వచ్చి నిలబడుతుంది. కింద ఇంగ్లీషు అక్షరాలు పడుతుంటే నేను తెలుగులో చెబుతూ పోయాను. మూకీల కాలంలో తెర పక్కన నిలబడి ఇలాగే కథ చెప్పేవారట.

ఆ పిల్లల తల్లి ఆస్పత్రిలో ఉంది. శనివారం ఇంటికొస్తుందనుకున్న అమ్మ రాలేకపోతోందని కబురొస్తుంది. చిన్నది మొక్కజొన్న పొత్తొకటి గుండెకి హత్తుకుని అమ్మకిద్దామని ఒక్కతీ బయల్దేరి తప్పిపోతుంది. బుజ్జిది నా చెయ్యి పట్టుకుంది. వదల్లేదు, లేవలేదు, ఆపమనలేదు. నేను మా అమ్మాయి వంక చూశాను. ఇది ఆవు-పులి కథే కదుటే, కాకపోతే ఇక్కడ దూడే తల్లిని వెతుక్కుంటూ పోతోంది! పులి లేదు కనక నీ జాబితాకి దొరకలేదు, అన్నాను. అది మాట్లాడలేదు.

నవ్వే హక్కు లేదన్నాను కదూ. మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు నా దగ్గరా జాబితా ఉండేది. కాగితం మీద లేదు, అంతే తేడా. వట్టి కట్టుకథలు దండగ, బుద్ధి వచ్చేవే చదవాలి. ప్రతి కథ చివరా, "ఇందులో నీతి ఏమిటి?" అని అడిగేదాన్ని. చెప్పకపోతే రెండో కథ లేదు. పాపం, కథ సగంలో ఉండగానే "అబద్ధమాడరాదు" అని అప్పజెప్పేసేది, తొందరగా అయిపోతుందని. ఏడో ఏడు వచ్చేసరికి కథ చెప్పమనడం మానేసింది. పిల్ల పెద్దదైపోయిందని సంతోషించాను కూడాను.

ఆ రాత్రి షరతు లేకుండా చెప్పాను ఆవు కథ. కొట్టంలోకి వచ్చింది, పాలు తాగమంది, ఒళ్లు నాకింది, రేపట్నుంచి మందలోనే ఉండు, ఒక్కతివీ గట్టు దాటకు అని చెప్పింది, పెద్ద ఆవులకి ఒప్పజెప్పింది. తొందరపడకుండా చెప్పాను. బుజ్జిది ఏడ్చింది. నా కళ్లూ తడిశాయి. పులి వదిలేశాక కూడా వెక్కిళ్లు ఆగలేదు. ఆ వెక్కిళ్ల మధ్యే, దూడ పరిగెత్తుకొచ్చిందా, తోక పైకెత్తిందా అని అడిగింది. ఎత్తిందన్నాను.

గుమ్మంలో మా అమ్మాయి ఎప్పుడొచ్చి నిలబడిందో చూసుకోలేదు. "నాకిలా చెప్పలేదే నువ్వు" అంది.

"చెప్పానే."

"చెప్పావు. చెప్పి నీతి అడిగావు."

జవాబు తోచలేదు. బుజ్జిది దుప్పట్లోంచి చెయ్యి జాపి వాళ్లమ్మని గించం మీదికి లాగింది. రేపు ఏడు చేపల కథట. ఆవుని మర్చిపోకూడదట.