గోడ మీద అక్షరాలు

పాత నగరాల ఛాయాచిత్రాలను గురించి మనవాళ్ళలో ఒక మాట తరచు వినబడుతుంది: ఉన్నదున్నట్లు చూపించాడు, ఇంతకంటె వాస్తవికత ఏముంది, అని. ఈ మాటతో నాకు పేచీ ఉన్నది.

షార్ల్ మార్విల్ (1813–1879) తీసిన పారిస్ చిత్రాలనే తీసుకుందాం. 1862లో అతడు ఆ నగరానికి అధికార ఛాయాగ్రాహకుడైనాడు. మూడో నెపోలియన్ ఏలుబడిలో ఓస్మాన్ అనే అధికారి పాత పేటలను కూలగొట్టి విశాలమైన బులెవారులు వేయిస్తున్న కాలమది. కూలబోయే వీధులను ముందుగా చిత్రించటం మార్విల్ పని. అటువంటివి సుమారు 425 తీశాడు. రాళ్ళు పరిచిన ఇరుకు సందు, నడిమధ్య మురుగు కాలువ, గోడకు దిగగొట్టిన ఇనుప కొక్కేనికి లాంతరు, ద్రాక్షసారా దుకాణం నెత్తిన పెద్ద పెద్ద అక్షరాలు, గోడల నిండా ప్రకటన కాగితాలు. ఒక్కటీ అబద్ధం కాదు. అన్నీ ఉన్నై. మనుషులే దాదాపు లేరు. ఉన్న ఒకరిద్దరూ పొగలాగా ఉన్నారు.

ఈ చిత్రాలు తరగతిలో చూపినప్పుడు ఒక విద్యార్థి, "మనుషులేరి మాస్టారూ?" అన్నాడు. ఆ కాలపు గాజుపలక మీద బొమ్మ పడటానికి చాలా సెకన్లు పట్టేది, కదిలే మనిషి నిలవడు, కదలని గోడే నిలుస్తుంది అని చెప్పాను. ఇంటికి వచ్చాక ఆ జవాబు నాకే చాలలేదు.

పేటలను కూలగొట్టిన ప్రభుత్వమే ఆ చిత్రాలనూ తీయించింది. తరువాత వచ్చిన కొత్త పోతఇనుప దీపస్తంభాలనూ, వీధి మూత్రశాలలనూ అతడిచేతనే తీయించారు. పాత వీధులనూ కొత్త వీధులనూ 1878 ప్రపంచ ప్రదర్శనలో పక్కపక్కన పెట్టారు. చూచేవాడికి తీర్పు ముందే రాసిపెట్టి ఉన్నదన్నమాట!

చీకటి సందును నేను పొగడబోవటం లేదు. 1832లో కలరా పారిస్‌లో వేలమందిని పొట్టన పెట్టుకున్నది. ఇరుకు పేటల బీదజనమే ఎక్కువగా పోయారు. మురుగు పోవలసిందే, మంచినీళ్ళు రావలసిందే. కాని అవి వచ్చేసరికి అద్దె కట్టలేని శ్రామికులు బెల్‌విల్ వంటి శివార్లకు పోవలసివచ్చింది. ఎంగెల్స్ 1872లో నివాస సమస్యపై రాస్తూ ఈ పద్ధతికే ఓస్మాన్ పేరు పెట్టాడు. మురికిపేట మాయం కాదు, మరొకచోట లేస్తుంది అని అతడి వాదం.

ఆ లాంతరునే చూడండి. సౌందర్యారాధకుడికి అందులో పాతకాలపు సొగసు కనబడుతుంది. 1789 జులైలో పారిస్ జనం ఫులోన్ అనే రాజోద్యోగిని ఉరితీసింది అటువంటి లాంతరు కొక్కేనికే. 1830 తిరుగుబాటులో లాంతర్లు పగలగొట్టి, సైన్యానికి దారి తెలియకుండ వీధులను చీకటి చేశారు. ఈ సంగతి చిత్రంలో ఎక్కడున్నది? వస్తువు కనబడితే చాలదు. అది ఎవరి చేతిలో ఏ పని చేసిందో తెలియాలి. (పాతబస్తీ బోర్డులను పేజీలకొద్దీ వర్ణించి, వాటిని రాసిన పెయింటరును మరచే కథకులు మనలోనూ ఉన్నారు.) చిత్రంలో లేని ఆ మనుషుల బెల్‌విల్, 1871లో కమ్యూనుకు కంచుకోట అయింది.

మార్విల్ చిత్రించిన ఆ కొత్త మూత్రశాలలు కూడ ఇవాళ లేవు. ఆ జాతిది ఒక్కటే ఆరగో బులెవారులో, చెరసాల గోడ దగ్గర మిగిలి ఉన్నది. ఆ విద్యార్థికి నా జవాబు మార్చి చెప్పాలి.