కళ్లజోడు ఎవరికి కావాలి?

గ్రహాంతరవాసులు భూమిని ఆక్రమించే సినిమాలు హాలీవుడ్‌లో కొల్లలు. జాన్ కార్పెంటర్ 1988లో తీసిన ‘దే లివ్’ వాటిలో వేరే బాపతు. ముప్ఫై నలభై లక్షల డాలర్లతో, అంటే హాలీవుడ్ లెక్కన చిల్లర డబ్బుతో తీసిన సినిమా. దీన్ని నెత్తిన పెట్టుకునే అభిమానులు ఇప్పటికీ ఉన్నారు. వామపక్ష మిత్రులకూ ఇష్టమే. ఎందుకో మాకూ అర్థమవుతుంది.

పని వెతుక్కుంటూ లాస్ ఏంజెలెస్ వచ్చిన తెల్ల కూలీకి ఒక నల్ల కళ్లజోడు దొరుకుతుంది. పెట్టుకు చూస్తే ప్రకటనల బోర్డుల మీద లోబడమనీ, కొనమనీ ఆజ్ఞలు. నోటు మీద ఇదే నీ దేవుడని రాత. సూటుబూటు పెద్దమనుషుల్లో చాలామంది పుర్రె మొహాల పరాయిగ్రహం వాళ్లు. రీగన్ కాలపు డబ్బు మదాన్ని ఇంత మోటుగా, సూటిగా కొట్టిన సినిమాలు తక్కువ. పోలీసులు రాత్రిపూట బుల్డోజర్లతో గుడిసెలు కూల్చే ఘట్టానికి మన పేటల్లో వ్యాఖ్యానం అక్కర్లేదు.

మా పేచీ ఫ్రాంక్ దగ్గర. కీత్ డేవిడ్ వేసిన నల్లజాతి కూలీ పాత్ర అది. బంగారం ఎవడిదో నియమాలూ వాడివేనని మొదట్లోనే చెప్పేది అతను. తెల్ల హీరో అప్పటికింకా అమెరికాను నమ్ముతూనే ఉంటాడు. తీరా కళ్లజోడు వచ్చేసరికి చూడనని మొరాయించేది ఫ్రాంకట! అతని చేత పెట్టించడానికి సందులో ఐదు నిమిషాలకు పైగా కొట్లాట. (హీరో రాడీ పైపర్ అసలు వృత్తి కుస్తీయే లెండి.) పెళ్లాంబిడ్డల్ని సాకాలి, గొడవల్లోకి రానంటాడు ఫ్రాంక్. సినిమా దాన్ని గుడ్డితనం కింద జమకట్టింది. కంబారితనం చేసి పిల్లల్ని పెంచినవాడికి నాయుడు ఎవరో తెలీక నోరు మూసుకున్నాడా? తెలిసే, నోరు తెరిస్తే ఏమవుతుందో కూడా తెలిసే మూసుకున్నాడు.

1960ల చివర శ్రీకాకుళ పోరాటం మనకూ ఒక కళ్లజోడు తెచ్చింది. అందులో భూస్వామి, షావుకారు బాగానే కనబడ్డారు. కులం మసకగా ఉండిపోయింది. అదేమని అడిగితే చైతన్యం చాలలేదని మనకే చెప్పారు.

ఇక పరాయివాడి సంగతి. శత్రువు బయటినుంచి వచ్చాడంటే ఆ ఖాళీలో ఎవడైనా తనకు గిట్టనివాణ్ణి కూర్చోబెట్టొచ్చు. నయా నాజీలు ఈ సినిమాలో యూదుల్ని చూశామన్నారు. తాను తీసింది అదుపులేని పెట్టుబడిదారీ విధానం గురించని 2017లో కార్పెంటరే ఖండించాల్సి వచ్చింది.

సినిమా చివర ప్రసార యంత్రం పేలగానే అసలు మొహాలన్నీ బయటపడతాయి. 2012 జూన్ 12న అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలం లక్ష్మింపేటలో మడ్డువలస రిజర్వాయరు కింద సేకరించిన భూముల తగాదాలో ఐదుగురు దళితుల్ని చంపారు. పట్టపగలే వచ్చారు. వచ్చినవాళ్లు ఆ ఊరివాళ్లే.