తెర మీది ధర ఎప్పటిది?

పశ్చిమ నెల్లూరు మెట్టలో పండే వర్జీనియా పొగాకు కలిగిరి, డీసీపల్లి వేలం కేంద్రాలకు చేరుతుంది. పొగాకు బోర్డు ఎలక్ట్రానిక్ వేలం తెచ్చాక వ్యాపారులు నోటితో పాడడం మాని చేతిలోని యంత్రంలో ధర నొక్కుతున్నారు. నోటిపాటకు ఒక సుగుణం ఉండేది: పలికిన ధర అక్కడున్న అందరి చెవినా ఒకేసారి పడేది. సర్వర్‌కు చేరిన ధర మాత్రం ఒక్కో తెరకు ఒక్కో క్షణంలో వస్తుంది, మధ్యలో లైను తెగితే రానే రాదు. ఇలాంటి వేలానికి డెస్క్‌టాప్ అప్లికేషన్ రాసేవాళ్లు ముందు ఒప్పుకోవలసిన సంగతి ఇది. తెర మీద కనిపించేది సర్వర్‌లోని లెక్కకు నకలు. ఆ నకలు ఎప్పటిదో చెప్పని తెర ఎంత ముస్తాబుగా ఉన్నా నమ్మదగింది కాదు.

మొదట్లో ఈ బాధ లేదు. 1994లో సికింద్రాబాద్‌లో మొదలైన రైల్వే 'కన్సర్ట్' రిజర్వేషన్ వ్యవస్థలో గుమస్తా ముందున్న టెర్మినల్ సొంతంగా ఏ లెక్కా దాచుకునేది కాదు. బెర్తు ఎవరిదో కేంద్ర కంప్యూటరే తేల్చేది. డెస్క్‌టాప్ అప్లికేషన్ వేగం కోసం నకలు దాచుకోవడం మొదలెట్టింది, దాంతోపాటే దాన్ని తాజాగా ఉంచే బరువూ నెత్తికెత్తుకుంది. సర్వర్ జవాబు కోసం తెరను నడిపే థ్రెడ్‌నే ఆపి కూర్చోబెడితే విండోస్ ఐదు సెకన్లు చూసి 'స్పందించడం లేదు' అని రాసేస్తుంది. అందుకే ఆ పని వెనక థ్రెడ్‌కు అప్పగించాలని ఇప్పుడు కాలేజీ కుర్రాళ్లకూ తెలుసు. జవాబు వచ్చేలోగా తెర ఏం చెప్పాలన్నది మాత్రం చాలామంది ఆలోచించరు. పంపడం, సర్వర్ అందుకోవడం, ఖరారవడం మూడూ వేర్వేరు. బటన్ నొక్కగానే 'అయిపోయింది' అని చూపడం అబద్ధం. ఏమీ చూపకపోతే మనిషి మళ్లీ నొక్కుతాడు. రెండో నొక్కుడు కొత్త పాట కాకుండా ఉండాలంటే రెండూ ఒకే అభ్యర్థన నంబరుతో వెళ్లాలి.

అసలు చిక్కు సర్వర్ తనంతట తాను పంపే కబుర్లతో. 2011లో అలాంటి కబుర్లకు దారి ఇచ్చే వెబ్‌సాకెట్ ప్రమాణంగా ఖాయమయ్యాక, అడిగిందే పదేపదే అడిగే అవసరం చాలావరకు తగ్గింది. కానీ కబురు రాకపోతే పాట ఆగిందా, లైను తెగిందా? ఆ తేడా తెలియడానికి సర్వర్ ఖాళీగా ఉన్నప్పుడు కూడా కొన్ని సెకన్లకోసారి 'ఉన్నాను' అనాలి. ఆ మాట ఆగితే ధర రంగు మారాలి. ప్రతి కబురుకూ వరుస నంబరు కూడా కావాలి. 412 తర్వాత 415 వచ్చిందనుకుందాం. దాన్ని పక్కన పెట్టి 413, 414 అడగాలి. చాలాసేపు తెగిపోయి ఉంటే పూర్తి లెక్క తెచ్చుకుని, అది ఎన్నో నంబరు దాకా సరిపోతుందో చూసి, ఆ తర్వాతి కబుర్లు మాత్రమే కలుపుకోవాలి.

ఫైబర్ వచ్చాక ఇంత తతంగం దేనికని అడగవచ్చు. వేగం ఎంత పెరిగినా ఇద్దరి పాటల్లో ఏది ముందన్నది తేల్చేది సర్వరే, ఎవరి యంత్రంలోని గడియారమూ కాదు. పైగా నిద్రలోకి జారిన ల్యాప్‌టాప్‌ను ఫైబర్ లేపదు. ఇన్ని గుర్తులు పెడితే వాడేవాళ్లు తికమకపడతారన్న అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. అందుకే అన్నిటికీ ఒకే కొలత వద్దు: గ్రేడ్ల పట్టికకు ఇదంతా అక్కర్లేదు, పొద్దున్నే ఒకసారి తెచ్చుకుంటే చాలు. మిగిలిన బేళ్ల సంఖ్యను నిమిషానికోసారి అడిగినా నష్టం లేదు. డబ్బు చేతులు మారే ధర దగ్గర మాత్రం '11.42.07 సమయానికి' అన్న చిన్న అక్షరాలు, ఒక రంగు మార్పు ఎవరినీ తికమకపెట్టవు. అన్నట్టు, వ్యాపారి పాట సర్వర్‌లో నిలిచినంత మాత్రాన అమ్మకం ముగిసిపోదు. ధర నచ్చకపోతే రైతు బేలు ఇవ్వననవచ్చు. ఆ 'ఇవ్వను' కూడా సర్వర్ అన్ని తెరలకూ పంపవలసిన కబురే, దానికీ ఒక వరుస నంబరు ఉండాలి.