గ్రీకు నాటకమున నటుని ఆవిర్భావము

నటనకు మూలము అనుకరణమేయని సామాన్యముగా చెప్పుచుందురు. గ్రీకు నాటకచరిత్రను పరిశీలించినచో ఈ అభిప్రాయము అసమగ్రమని తోచును. గ్రీకులు నటుని ‘హిపోక్రితేస్’ అనిరి. ఆ పదమునకు మూలమైన క్రియకు బదులు చెప్పుట, వ్యాఖ్యానించుట అను రెండర్థములు కలవు. నటునికి మొదట ఏ యర్థము అన్వయించెనను విషయమున పండితులు ఏకాభిప్రాయులు కారు. అయినను, ఎదుట వినువాడొకడు లేనిదే బదులును లేదు, వ్యాఖ్యానమును లేదు.

డయొనైసస్ దేవుని ఉత్సవములందు గాయకబృందము ఆడుచు పాడుచు కథను కీర్తించెడిది. ఆ బృందమునకు ఎదురుగా నిలిచి, కథాపురుషుడు తానేయై మాటలాడిన మొదటివాడు థెస్పిస్ అని సంప్రదాయము. క్రీ.పూ. 534 ప్రాంతమున అతడు ఏథెన్సులో నాటకమాడెనందురు. ‘అతడు’ అనవలసినచోట ‘నేను’ అనుటయే ఆతని సాహసము. ఇన్నివేల జనుల యెదుట ఇన్ని యబద్ధములాడుటకు సిగ్గులేదా యని శాసనకర్త సోలోన్ థెస్పిస్‌ను గద్దించినట్లు, కొన్ని శతాబ్దముల తరువాతివాడైన ప్లూటార్క్ వ్రాసెను. ఈ కథ నిజమైనను కాకున్నను ఆక్షేపణ మాత్రము విచారింపదగినది. ఒంటరిగా పలికిన ‘నేను’ అబద్ధమే కావచ్చును. కాని దానిని ప్రశ్నించుటకు, శంకించుటకు, ఓదార్చుటకు ఎదుట బృందమున్నది. ఆ సంవాదమే అబద్ధమును కళగా మార్చినది.

అరిస్టాటిల్ ‘పొయెటిక్స్’ గ్రంథమున చెప్పినట్లు, ఎస్కిలస్ రెండవ నటుని ప్రవేశపెట్టి బృందముయొక్క పాత్రను తగ్గించెను. సోఫోక్లిస్ మూడవ నటుని చేర్చెను. ఈ వృద్ధి ఫలము 458 నాటి ఎస్కిలస్ ‘అగమెమ్నాన్’ నాటకమున కాననగును. చెరపట్టబడిన కసాండ్రను రాణి క్లైటెమ్నెస్ట్రా లోనికి రమ్మని పిలుచును. కసాండ్ర మాటలాడదు. రాణి విసిగి లోనికి పోయినపిదపనే ఆమె అపోలోను పిలిచి ఆక్రోశించును. బదులు చెప్పువాడుగా పుట్టిన నటుడు, బదులీయకుండుటయు నటనయే యని ఇచట నిరూపించెను.

మన ‘అభినయ’ శబ్దమునకు అర్థమును ప్రేక్షకుని యెదుటికి కొనిపోవుటయని లాక్షణికులు వ్యుత్పత్తి చెప్పిరి. రెండు సంప్రదాయములును వేరువేరు. అయినను రెండు పదములును ఎదుటివానినే చూచుచున్నవి. కావున నటుని అనుకరణ నైపుణ్యముచే మాత్రమే కొలుచుట అతని పుట్టుకను మరచుటయే యగును.