వంశ శబ్దార్థ విచారము

వంశమనగా సంతతి యని నేడు మనమెల్లరమును గ్రహించుచున్నాము. వెదురనియు నా శబ్దమునకు అర్థము గలదు. అమరసింహుడు వెదురును వనౌషధివర్గమునను, సంతతిని బ్రహ్మవర్గమునను జెప్పుటచే, ఈ రెండింటికి సంబంధము లేదని చదువరి తలంపవచ్చును. వెదురే సంతత్యర్థమునకు మూలమనియు, ఆ యర్థమునకు రక్తసంబంధము ప్రాణము కాదనియు మా యభిప్రాయము.

ఋగ్వేదమున ప్రథమమండలము తొలిసూక్తములలో, స్తోతలు ఇంద్రుని వంశమువలె పైకెత్తిరని యున్నది. సాయణుడు కులార్థమును గూడ వికల్పముగ జెప్పెను గాని, ఎత్తుట యను క్రియకు గడ యను నర్థమే సహజము.

గడనుండి పరంపరకు మార్గమేది? బృహదారణ్యకోపనిషత్తున 2, 4, 6 అధ్యాయముల తుదిని వంశములను పేర ఆచార్యపరంపరలు గలవు. మొదటిది పౌతిమాష్యునితో నారంభమై బ్రహ్మమువరకు బోవును. వెదురు కణుపు కణుపుగ విభక్తమగునట్లు ఈ పరంపరయు కొననుండి మొదలువరకు విభక్తమైనదని శంకరులు వ్యాఖ్యానించిరి. రెండర్థములకును సంధి ఇచ్చటనే కలదు.

విద్యాపరంపర యందు ఈ శబ్దము గౌణమనియు, జన్మపరంపర యందే ముఖ్యమనియు కొంద రాక్షేపింపవచ్చును. వైయాకరణులు దీనికి సమ్మతింపరు. పాణిని సంఖ్యావాచకమునకు వంశ్యవాచకముతో సమాసము విధించెను (2-1-19). వంశము విద్యచేతను జన్మచేతను ద్వివిధమని చెప్పి, వ్యాఖ్యాతలు ‘త్రిముని’ యను నుదాహరణ మిచ్చిరి. పాణిని, కాత్యాయన, పతంజలులు తండ్రికొడుకులు కారు; అయినను వ్యాకరణమున నొక్క వంశమువారు.

తండ్రినుండి కొడుకునకు దిగునదే వంశమను నిర్వచనమును సంకుచితమే. బృహదారణ్యకపు కడపటి వంశమున ఆచార్యులు పౌతిమాషీపుత్రుడు, కాత్యాయనీపుత్రుడు, గౌతమీపుత్రుడు అని తల్లుల పేర గుర్తింపబడిరి. శాతవాహనులలో గౌతమీపుత్ర శాతకర్ణి నెరిగిన మన కీ రీతి క్రొత్తది గాదు.

నేడు వంశవృక్షమను సమాసము రూఢము. అందు రెండు పోలికలు కలిసినవి. చెట్టు కొమ్మలుగ చీలును. వెదురు కణుపుపై కణుపుగ లేచును. చెట్టు ఎవరికెవరు పుట్టిరో చూపును. వెదురు ఎవరినుండి ఎవరికందెనో చూపును. కొడుకు పుట్టినపుడు వంశము నిలిచినదని మనవారందురు. ప్రాచీనార్థమును బట్టి, చదువు నందుకొని మరియొకని కందించిన శిష్యుని గూర్చియు ఆ మాట యనవలసియున్నది.