అంటుకున్నదల్లా ముఖ్యం కాదు

2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా చాటగుట్ల, గుమ్మళ్లదిబ్బ గ్రామాల్లో కోళ్లు పెద్దసంఖ్యలో చనిపోయాయి. నమూనాలు భోపాల్ ల్యాబ్‌కు వెళ్లాయి, బర్డ్ ఫ్లూ అని తేలింది, చుట్టుపక్కల చికెన్ దుకాణాలు మూయించారు. ఏటా చలికాలం పులికాట్‌కూ నేలపట్టుకూ వలస పక్షులు దిగే తీరం మనది. ఈ జబ్బు మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఫారాలను ఊడ్చిపెట్టే ఈ వైరస్‌కు మనిషి కణంలో పెరగడం ఎందుకంత కష్టం? జవాబు కోసం వైరస్ ప్రొటీన్లకూ మన ప్రొటీన్లకూ మధ్య పొత్తులను వెతుకుతున్నారు. ఆ వెతుకులాట విలువ జాబితా పొడవును బట్టి కాక, జాబితాకు పెట్టిన పరీక్షను బట్టి కట్టాలంటాను.

ఇన్‌ఫ్లుయెంజా వైరస్ దగ్గరున్నవి ఎనిమిది ఆర్ఎన్ఏ ముక్కలు, వాటినుంచి వచ్చే కొద్దిపాటి ప్రొటీన్లు. మిగతాదంతా కణం సరుకే. వైరస్ ప్రొటీన్‌కు ఒక గుర్తు తగిలించి, కణాన్ని పగలగొట్టి, ఆ గుర్తు ఆధారంగా బయటికి లాగి, అంటుకొచ్చినవాటిని మాస్ స్పెక్ట్రోమెట్రీతో పోల్చుకుంటారు. ఒడ్డుకు లాగిన వలలో చేపలతో పాటు నాచూ గవ్వలూ వచ్చినట్టు, బతికున్న కణంలో ఎన్నడూ ఎదురుపడని ప్రొటీన్లు కూడా ఇందులో అతుక్కొస్తాయి. 2014లో యోషిహిరో కవావోకా బృందం 11 వైరస్ ప్రొటీన్లతో ఇలా 1,292 మానవ ప్రొటీన్లను పట్టింది. వాటి జన్యువులను అణచి చూస్తే వైరస్ పెరుగుదలలో తేడా కనిపించినవి 323. మొదటి సంఖ్య పెద్దదే, నా గౌరవం మాత్రం రెండోదానికి.

ఏఎన్‌పీ32ఏ అనే ప్రొటీన్ కథ చూడండి. వైరస్ ఆర్ఎన్ఏకు నకళ్లు తీసే ఎంజైమ్ పాలిమరేజ్‌కు అంటుకునే ప్రొటీన్ల జాబితాల్లో అది ముందే ఉంది. పక్షికీ మనిషికీ మధ్య గోడ అదేనని తేలింది మాత్రం 2016లో, లండన్ ఇంపీరియల్ కాలేజీలో వెండీ బార్‌క్లే బృందం కోడి క్రోమోజోమ్ ముక్కలు చేర్చిన హ్యామ్‌స్టర్ కణాలను పరీక్షించాక. కోడి ఏఎన్‌పీ32ఏలో 33 అమైనో ఆమ్లాల ముక్క ఒకటి అదనం. మన ప్రొటీన్‌లో అది లేదు. అందుకే పక్షి వైరస్ పాలిమరేజ్ మన కణంలో మందగిస్తుంది. ఆ పాలిమరేజ్‌లో భాగమైన పీబీ2 ప్రొటీన్ 627వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం పోయి లైసిన్ వస్తే ఆ అడ్డు చాలామటుకు తొలగుతుంది. ఆ ఒక్క మార్పు ఎంత ముఖ్యమో వేలూరు సీఎంసీలో చదివిన కాంత సుబ్బారావు బృందం 1993లోనే చూపింది. ఎందుకు ముఖ్యమో తెలియడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది.

వేర్వేరు ల్యాబ్‌ల జాబితాలు ఒకదానితో ఒకటి సరిగా కలవవు కదా అంటారు. నిజమే. వాడిన కణాలు వేరు, వైరస్ రకాలు వేరు, చూసిన సమయం వేరు. అయినా పేర్లు తప్పినచోట కూడా దారులు కలిశాయి: కణం లోపలి సంచుల్లో ఆమ్లత పెంచే పంపు లాంటివి మళ్లీ మళ్లీ తేలాయి. ఇంకో అభ్యంతరం బరువైనది. మన ప్రొటీన్‌ను అడ్డుకునే మందు మనకే చేటు చేయొచ్చు. ఆ పంపును ఆపితే వైరస్‌తో పాటు కణమూ దెబ్బతింటుంది. దీన్ని ఒప్పుకుంటాను. అందుకే ఈ పని వల్ల ఇప్పటికిప్పుడు ఒరిగేది మందుకన్నా ముందస్తు ఎరుక అనుకుంటున్నాను. కోళ్లను పూడ్చేస్తే చాలదా అనేవారికి ఒక్క మాట: 2025 మార్చిలో మన రాష్ట్రంలోనే రెండేళ్ల పాప బర్డ్ ఫ్లూతో చనిపోయింది. ఇకమీదట ఈ తీరంలో జబ్బు తేలినప్పుడల్లా చనిపోయిన కోళ్ల లెక్కతో పాటు, ఆ వైరస్ 627వ స్థానంలో ఏముందో కూడా అధికారులు వెంటనే ప్రకటించాలి.