రేకలో పొద్దు

రఘునాథపల్లి దిక్కున పొద్దుగాల తాటివనంలోకి నడిస్తే ముందు చూపు పైకే పోతుంది. నడుముకు ముత్తాదు, చెట్టు చుట్టూ మోకు, పాదాలకు గుజి కట్టుకుని గౌడన్న మొవ్వు దగ్గర పనిలో ఉంటాడు. ఆయన దిగేలోపు కింద కూర్చున్నవాళ్ళు పచ్చి తాటాకు మడిచి రేకలు చేసుకుంటారు. లొట్టి మూతికి తాటి పీచు అడ్డం పెట్టి ఆయన వంచుతాడు. ధార తెగకుండా తాగడం ఇక్కడి మర్యాద, కానీ తొలి గుక్క మాత్రం నాలుక మీద కాసేపు నిలవాలి. కల్లు ఎట్లాంటిదో అక్కడే తేలుతుంది.

స్కాట్లాండ్‌లోని ఐలా దీవిలో కూడా తొలి గుక్కకు ఇంతే విలువ. అక్కడ పీట్ అనే బురదనేల మట్టిని ఎండబెట్టి కాల్చి, ఆ పొగతో మొలకెత్తిన బార్లీని ఆరబెడతారు. ఆ పొగ ఎంత పట్టిందో అంకెల్లో చెబుతారు: ఆర్డ్‌బెగ్ వాడే మాల్టులో పది లక్షల భాగాలకు సుమారు 55 భాగాల ఫినాల్ ఉంటుంది. గ్లాసులో నాలుగు చుక్కల నీళ్ళు కలిపి వాసన చూస్తారు. పొగవాసననిచ్చే గ్వాయకాల్ పలచబడిన విస్కీలో పైపొరకు చేరుతుందని 2017లో స్వీడన్ పరిశోధకులు లెక్కగట్టారు. విస్కీలో నీళ్ళు పోస్తే నైపుణ్యం, కల్లులో పోస్తే దొంగతనం!

అసలు తేడా కాలంలో ఉంది. స్కాచ్ ఓక్ పీపాలో కనీసం మూడేళ్ళు ఉండాలి. కల్లు వయసు గంటల్లో లెక్క. గెల నుంచి కారేది తియ్యటి నీరే. లొట్టిలో పడగానే గాలిలోని, కుండలోని ఈస్టు, బాక్టీరియా పని మొదలుపెడతాయి. లోపల సున్నం పూస్తే ఆ పని ఆగి నీరాగా మిగులుతుంది. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ తెరిచింది నీరా అమ్మడానికే. సున్నం లేకపోతే తీపి తగ్గుతుంది, నురగ లేస్తుంది, పులుపు ఎక్కుతుంది. మర్నాటికి ముక్కు దగ్గరే వెనిగర్ ఘాటు తగులుతుంది. అందుకే పొద్దుటి కల్లు వేరు, మాపటి కల్లు వేరు. రుచి తెలిసినవాడు కల్లులో పొద్దు చూస్తాడు.

మేలైన కల్లుకు గుర్తులు చెప్పొచ్చు. నురగ సన్నగా, దానంతటదే లేవాలి. వాసనలో పచ్చి గెల తెలియాలి. తీపి ముందొచ్చి పులుపు వెనక రావాలి, మింగాక గొంతులో చిన్న చురుకు మిగలాలి. తీపి ఒక్కటే నాలుకను పట్టుకుని వదలకపోతే శాకరిన్‌ను అనుమానించాలి. క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులను మాత్రం నాలుకతో పట్టుకోగలమని నమ్మకూడదు. అవి మనుషుల ప్రాణాలు తీశాయి. చెట్టు కింద కూర్చుని, దిగిన లొట్టి నుంచే తాగాలని పెద్దలు పట్టుబట్టింది ఉత్త సరదాకు కాదు.

రుచిలో సగం కత్తి చేతిలో ఉంది. గెల కొనను పూటపూటా పలచగా చెక్కాలి. మందంగా చెక్కితే గెల ముందే అయిపోతుంది, చెక్కకపోతే గాయం మూసుకుని ధార ఆగుతుంది. లొట్టి సరిగా కడగకపోతే అడుగున మిగిలిన పాత మడ్డి కొత్త కల్లును తొందరగా పులియబెడుతుంది. పోతుచెట్టు పోద్దాడుది ఒక రుచి, కాయచెట్టు పండుతాడుది ఇంకొకటి.

రఘునాథపల్లి మండలంలోని ఖిలాషాపూర్‌లో కోట కట్టి, 1708లో వరంగల్‌ను కొల్లగొట్టి, మొగలు పాలకులకు నిద్రలేకుండా చేసిన సర్వాయి పాపన్న కూడా ఈ కల్లు గీసే గౌడ కులస్తుడే. 1710లో ఆయనను చంపేశారు. ఈనాటి గీత కార్మికుడికి శత్రువు జారే మోకు. పడిపోకుండా కాపాడే ‘కాటమయ్య రక్షక కవచం’ కిట్లను తెలంగాణ ప్రభుత్వం 2024లో ఇవ్వడం మొదలుపెట్టింది. తరతరాలు ఒట్టి మోకు మీదే ఎక్కాయి.

ఐలా విస్కీ సీసా మీద ఊరు, చాలావాటి మీద వయసు కూడా అచ్చువేసి ఉంటాయి. లొట్టి మీద రాత ఉండదు. అందుకే కల్లు మండువలో రుచి తెలిసినవాడు రేక దించి బాగుందనో బాగాలేదనో తీర్పు చెప్పడు. మూతి తుడుచుకుని, వనం వైపు చూసి అడుగుతాడు: “ఇది ఏ చెట్టుది మామా?”